ఇరవై ఆరు బల్లగుడ్డలు, ఒక ముల్లంగి

మ్యూనిక్ నగరంలో, చెట్లనీడన బల్లలు వేసి బీరు అమ్మే ఒక బీరుతోటలో, డెబ్బై మూడేళ్ల స్త్రీ తాను తెచ్చుకున్న గుడ్డను బల్లమీద పరచుకొని, తాను తెచ్చుకున్న ముల్లంగిని తినబోయింది. అందుకు రెండేళ్లపాటు ఆ తోట గడప తొక్కరాదని ఆమెను నిషేధించారు. ఇది నవ్వులాటకు అన్న మాట కాదు. నిషేధపత్రం ఉంది. దాని తేదీ ఆగస్టు పన్నెండు. కింద సంతకం ఉంది, సంతకం కింద ముద్ర ఉంది, ముద్రలో చెస్ట్‌నట్ ఆకు బొమ్మ కూడా ఉంది. అన్యాయానికి ఇంత అలంకారం ఎందుకో తెలియదు.

ఆ స్త్రీ పేరు అఫ్రా విమ్మర్. మ్యూనిక్‌కు రెండు గంటల రైలు దూరంలో, రొటాల్ వైపు ఒక చిన్న ఊరిలో ఆమె నివాసం. ముప్పై ఎనిమిదేళ్లు ఆ చుట్టుపక్కల పల్లెలకు ఉత్తరాలు పంచింది. మొదట సైకిలు మీద, తరువాత పసుపుపచ్చ బండిలో. ఆ కాలంలో ఆమెను కుక్కలు రెండుసార్లు కరిచాయి, ఒక కోడిపుంజు ఒకసారి తరిమింది. ఉత్తరం మాత్రం ఒక్కటీ తప్పిపోలేదు. తపాలాశాఖ ఇచ్చిన ప్రశంసాపత్రంలో కోడిపుంజు సంగతి లేదు గాని మిగిలినవన్నీ ఉన్నాయి.

ఆమె పింఛను నెల పొడవుకు సరిపోతుంది గాని వెడల్పుకు చాలదు. మ్యూనిక్‌లో ఒక గది అద్దె ఎంతో చెబితే, ఆ ఊరివాళ్లు పొలం ధర చెబుతున్నారనుకొని, ఎన్ని ఎకరాలని అడుగుతారు. అయినా పదకొండేళ్లుగా ప్రతినెలా మొదటి ఆదివారం అఫ్రా మ్యూనిక్‌లోనే గడుపుతుంది. అదొక్కటే ఆమె విలాసం. భర్త పోయిన ఏడాది కూడా ఒక్క నెలే మానుకుంది.

"ఖరీదైన ఊరంటే ఏముందయ్యా? ఖరీదైనవి కొనేవాళ్లు ఎక్కువమంది ఉన్న ఊరు, అంతేగా! వాళ్లు కొనుక్కోనీ. ఊరు మాత్రం వాళ్లబ్బ సొత్తా?" అన్నది ఆమె సిద్ధాంతం.

సిద్ధాంతానికి తగిన పద్ధతి కూడా ఉంది. ఒకే టికెట్టుమీద అయిదుగురు రాష్ట్రమంతా తిరగవచ్చు గనుక ఆమె ఎన్నడూ ఒంటరిగా రైలెక్కదు. ప్లాట్‌ఫారం మీద అయిదుగురు పోగయ్యేదాకా, ఒకప్పుడు ఉత్తరాలమీద పేర్లు చదివిన గొంతుతోనే, "ఒక చోటు! ఒక్క చోటు!" అని పిలుస్తుంది. ఆదివారం ప్రభుత్వ చిత్రశాలల్లో ప్రవేశం ఒక్క యూరో. ఆ యూరోకు ఆమె ఒకే గది చూస్తుంది. గదిలోని ప్రతి బొమ్మ ముందూ నిలబడి, ఇందులో ఎవరు ఎవరికి ఉత్తరం రాయవలసి ఉందో ఆలోచిస్తుంది. రెండో గదిలోకి అడుగుపెట్టదు. "అన్నీ ఒకేసారి చూస్తే వచ్చే నెల ఎందుకు రావాలి?" అంటుంది. శుభ్రమైన మరుగుదొడ్డి చిత్రశాలలోనే వాడుకుంటుంది. పెద్ద చౌకులో నగరసభ గోపురంమీద గంటలు మోగి బొమ్మలు తిరుగుతుండగా విదేశీయులంతా తలలెత్తి చూస్తుంటే, ఆ తలల మధ్యనుంచి దారి చేసుకొని అక్కడి ఫౌంటెను నీళ్లు సీసాలో పట్టుకుంటుంది. పన్నెండున్నరకు భోజనానికి బీరుతోట చేరుతుంది.

ఈ దినచర్యకంతటికీ నడుమ స్తంభం ఆ భోజనమే. అది కూలితే పైకప్పంతా కూలుతుంది. మ్యూనిక్‌లో బల్ల దగ్గర కూర్చొని వడ్డన చేయించుకొని తింటే ఆమెకు మూడు ఆదివారాల ఖర్చు ఒక్క పూటకే అవుతుంది. కాని బీరుతోటలో అలా తిననక్కరలేదు. 1812 జనవరిలో రాజు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. బీరు చేసేవాళ్లు తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప మరే భోజనమూ పెట్టరాదు. బీరు వాళ్లది, తిండి మనది. రాజులు పోయారు, ఆజ్ఞలు మారాయి, తోటల్లో వంటశాలలు వెలిశాయి. కాని సొంత భోజనం తెచ్చుకొనే హక్కు పోలేదు. 1999లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన నియమావళికి జతపరచిన వివరణ చదవండి. తన తిండి తాను తెచ్చుకొని తినే వీలున్నదే బీరుతోట అని అందులో స్పష్టంగా ఉంది. గుర్తుపట్టడం సులువు. గుడ్డ పరచిన బల్ల దగ్గర వడ్డన, గుడ్డలేని బల్ల దగ్గర సొంత బుట్ట. ఈ సంగతి ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆగస్టు మూడో తేదీన అఫ్రా వెంట మరిది లోరెంజ్ ఉన్నాడు. ఇళ్లకు పెంకులు నేసి నేసి నడుము వంగినా నోరు వంగని మనిషి. టికెట్టులో రెండు చోట్లు ఎప్పటిలాగే ఊళ్లోని ఒక జంటకు పోయాయి. వాళ్లు మ్యూనిక్ స్టేషనులో దిగి తమ దారిన పోయారు. అయిదో చోటుకు ఒక విదేశీ స్త్రీ వచ్చి నిలబడింది. పేరు గ్రాసా. పోర్చుగల్‌లోని కోయింబ్రా పట్టణంలో భూగోళం చెప్పే పంతులమ్మ. మ్యూనిక్ గదుల ధర చూసి బెదిరి అఫ్రా ఊరిలో బస చేసింది. ఆమె జర్మన్ భాషను పాతకాలపు వ్యాకరణ పుస్తకంలో నేర్చుకుంది.

"క్షమింపవలెను. ఈ టికెట్టునందు నాకు స్థలము కలదా?" అని అడిగింది.

లోరెంజ్ టోపీ తీశాడు. "వదినా, ఈవిడ బైబిలులోంచి దిగొచ్చింది."

"నోరు మూసుకొని జరుగు," అంది అఫ్రా. "రామ్మా, కూర్చో. మధ్యాహ్నానికి ఏం తెచ్చుకున్నావు?"

గ్రాసా సంచిలోంచి చిన్న డబ్బా తీసి సిగ్గుపడుతూ చూపింది. "ఉప్పుచేపలు. ఆరు దినములకు ఆరు డబ్బాలు. నేడు నాలుగవది."

"చేపలా! మంచిదే. నా దగ్గర ముల్లంగి ఉంది, చీజ్ ముద్ద ఉంది, ముడిరొట్టెలున్నాయి. బీరు ఒక్కటే కొనాలి. పట్నంలో రాజభోగం అంటే ఏంటో ఇవాళ చూద్దువుగాని."

ఆ రోజు చిత్రశాలలో గది చూడటం పూర్తయింది. ముగ్గురూ తోటకు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. చెట్లనీడ ఎప్పటిలాగే ఉంది, బల్లలు ఎప్పటిలాగే ఉన్నాయి. కాని బల్లల మీద, నీడ పరచుకున్నంత మేరా, ఆకుపచ్చ గుడ్డలు. గుడ్డలమీద తోట పేరు.

"వదినా, మన బల్లలకు పావడాలు తొడిగారే!" అన్నాడు లోరెంజ్.

కొత్త గుత్తేదారు మే నెలలో వచ్చాడు. పేరు కోల్‌బింగర్. మే నెలలో ఒక వరుసకు గుడ్డ వేశాడు, జూన్‌లో రెండు వరుసలకు, జూలైలో మరికొన్నిటికి. గుడ్డలేని బల్లలు పదకొండు మాత్రం మిగిలాయి. అవి మండుటెండలో, ఖాళీ సీసాల పెట్టెలకూ చెత్తడబ్బాలకూ నడుమ ఉన్నాయి. వాటిచుట్టూ బుట్టలు పట్టుకొన్న జనం, పెళ్లిలో రెండో పంక్తికి కాచుకొన్నట్లు నిలబడి ఉన్నారు. నీడలోని గుడ్డబల్లలు సగానికి పైగా ఖాళీ.

అఫ్రా కళ్లతో వెదికింది. పెద్దచెట్టు వెనక, గుడ్డ చాలకో మరచిపోయో వదిలేసిన బోడిబల్ల ఒకటి కనిపించింది. సంచి ముందుగా విసిరి పట్టేసింది. తరువాత పదకొండేళ్లుగా చేస్తున్నట్లే తన నీలం గళ్ల గుడ్డ తీసి పరచింది. సొంత బుట్ట తెచ్చుకొనేవాళ్లలో గుడ్డ తెచ్చుకోనివాళ్లు తక్కువ. జిగట బల్లమీద రొట్టె ఎవరు పెడతారు? అఫ్రా చాకు తీసి తెల్లముల్లంగిని తిప్పుతూ కోయసాగింది. కోత ఎక్కడా తెగకుండా ఒకే పొడవాటి చుట్టగా సాగింది. దానిమీద ఉప్పు చల్లింది.

"ఇప్పుడు తినకూడదు," అంది గ్రాసాతో. "ముల్లంగి ఏడవాలి. ఏడిస్తేగాని ఘాటు దిగదు."

"ఎంత కాలము ఏడ్చును?"

"మా ఆయన పోయినప్పుడు నేను ఏడ్చినంత. పావుగంట."

ముల్లంగి ఏడుస్తుండగా వడ్డన మనిషి వచ్చాడు. ఓడలమీద పాతికేళ్లు వడ్డన చేసి, ఆ మే నెలలోనే ఒడ్డెక్కిన ఉత్తరాది హాంబర్గ్ వాడు. పేరు పీటర్‌సెన్. వంటకాలూ ధరలూ అచ్చువేసిన కార్డులు మూడు వినయంగా బల్లమీద పెట్టాడు.

"అమ్మా, గుడ్డ ఉన్న బల్ల దగ్గర బయటి తిండి కుదరదండీ."

"గుడ్డ నాదయ్యా."

"గుడ్డ ఉందా, లేదా అండీ?"

"ఉంది. నాదే."

"ఎవరిదో అడగమని నాకు చెప్పలేదమ్మా. గుడ్డ ఉంటే కార్డు ఇమ్మన్నారు."

లోరెంజ్ లేచాడు. "రేపు నేను మెడకు రుమాలు చుట్టుకొస్తే నాకూ కార్డిస్తావా?"

"తమరి మీద ఎవరైనా పెట్టుకు తింటారాండీ?" అన్నాడు పీటర్‌సెన్, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

లోరెంజ్ కూర్చున్నాడు. "ఉత్తరాదివాడైనా మాట తెలిసినవాడే వదినా," అన్నాడు, ఒక ఓటమిని ఒప్పుకున్న గొంతుతో.

ఈ గొడవకు కోల్‌బింగర్ స్వయంగా వచ్చాడు. నలభై ఏళ్లవాడు, తెల్లటి బూట్లు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. అఫ్రా ముఖంకాక ముల్లంగినే చూస్తూ మాట్లాడాడు.

"పెద్దమ్మగారూ, మా పద్ధతి చాలా సులువు. గుడ్డ ఉంటే వడ్డన. గుడ్డ లేకపోతే మీ తిండి. ఇందులో తిరకాసేం లేదు."

"ఎవరి గుడ్డయినా?"

"గుడ్డ గుడ్డేనండీ."

ఆమె కార్డు వెనక్కి తిప్పి, పెన్సిలు అందించింది. "ఆ ముక్క రాసివ్వండి. నాకు మతిమరుపు."

ఆమెకు మతిమరుపు ఎన్నడూ లేదు. నాలుగు వందల ఇళ్ల చిరునామాలు, ఆ ఇళ్ల కుక్కల పేర్లతో సహా, ఈనాటికీ ఒప్పజెప్పగలదు. కాని కోల్‌బింగర్ తొందరలో ఉన్నాడు. ముసలమ్మ పీడ విరగడవుతుందనుకొని గీకి ఇచ్చేశాడు. ఆ కార్డు ఉంది. దానిమీద రాసింది ఇదీ: "గుడ్డ ఉన్న బల్ల, వడ్డన మాత్రమే. గుడ్డ లేని బల్ల, సొంత భోజనం సమ్మతం. కోల్‌బింగర్, ఆగస్టు 3."

అఫ్రా దానిని పైకి ఒకసారి, లోపల ఒకసారి చదువుకొని సంచిలో భద్రపరచింది. తరువాత ముల్లంగిని గ్రాసా చేతికిచ్చి, తన నీలం గుడ్డ తీసి మడిచింది. బల్ల బోడిదయింది. ముల్లంగి మళ్లీ బల్లమీదికి వచ్చింది.

"ఇప్పుడు?" అంది.

కోల్‌బింగర్ చెవులు ఎర్రబడ్డాయి. "పీటర్‌సెన్! ఇక్కడొక గుడ్డ వెయ్యి."

పీటర్‌సెన్ ఆకుపచ్చ గుడ్డ తెచ్చాడు. గ్రాసా ముల్లంగిని మళ్లీ ఎత్తి పట్టుకుంది. పీటర్‌సెన్ గుడ్డ పరిచాడు. కోల్‌బింగర్ చేతులు దులుపుకొని లోపలికి నడిచాడు. అతడు వంటశాల తలుపు దాటాడో లేదో, అఫ్రా ఆ గుడ్డ రెండు కొసలు పట్టుకుంది.

"ఇది నియమానుసారమేనా?" అని గ్రాసా కంగారుగా అడిగింది.

"రాసిచ్చాడుగా! గుడ్డ లేని బల్ల నాది. ఆ రెండు కొసలూ నువ్వు పట్టు. పెద్ద గుడ్డ, ఒక్కదాన్నే మడవలేను."

గ్రాసా ఒక్క క్షణం ఆలోచించింది. ముల్లంగిని లోరెంజ్ ఒడిలో పెట్టి, కొసలు పట్టింది. కొస కొస కలిపి, నాలుగు మడతలు వేసి, ముడత లేకుండా చేత్తో రాసి పక్కన పెట్టారు.

ఎండలో నిలబడ్డ ఒక కుటుంబం ఇదంతా చూస్తోంది. తండ్రి బుట్టతో రెండడుగులు ముందుకు వేశాడు. "ఏమమ్మా, ఈ పక్క బల్ల గుడ్డ కూడా తీస్తారా?"

"నీకు చేతుల్లేవా నాయనా? కొస పట్టు."

అంతే. తోటలో ఎవరూ కేక వేయలేదు, ఎవరూ ఎవరినీ తోయలేదు. డబ్బిచ్చి భోంచేస్తున్నవాళ్ల బల్లల జోలికి ఎవరూ పోలేదు. ఒక బల్ల దగ్గర తినడం సగంలో ఉన్న ఒక పెద్దమనిషి, "మాదీ తీసేయండి, గాలి తగలటంలేదు," అని అడిగితే కూడా అఫ్రా ఒప్పుకోలేదు. "తమరు వడ్డనవాళ్లు. నియమం నియమమే," అంది. ఖాళీ బల్లల గుడ్డలు మాత్రం ఇద్దరిద్దరు చొప్పున మడిచారు. మొత్తం ఇరవై ఆరు. అఫ్రా వాటిని దొంతరగా పేర్చి, సంచిలోని పురికొసతో తపాలా కట్ట కట్టినట్లు అడ్డంగా నిలువుగా కట్టి, పైన ఒక చీటీ పెట్టింది: "26. చిరుగులు లేవు. మరకలు రెండు, ముందునుంచీ ఉన్నవి."

పీటర్‌సెన్ కట్టను చేత్తో తూచి చూశాడు. "ఓడమీద కూడా ఇంత చక్కగా కట్టలేదమ్మా," అన్నాడు.

కోల్‌బింగర్ పోలీసులను పిలిచాడు. వచ్చినవాళ్లలో పెద్దాయన పేరు హిర్షావర్. తోటనిండా బుట్టలు విప్పుకొని కడుపులో చల్ల కదలకుండా తింటున్న జనాన్ని చూసి, ఆయన కాసేపు నేరం కోసం వెదికాడు.

"గుడ్డలు పోయాయా?"

"పోలేదు. అవిగో కట్ట," అన్నాడు కోల్‌బింగర్.

"చిరిగాయా?"

"లేదు."

"ఎవరినైనా కొట్టారా?"

"ముల్లంగిని కోశానండీ. అదొక్కటే ఏడుస్తోంది," అంది అఫ్రా.

హిర్షావర్ కార్డు వెనక రాత చదివాడు. మళ్లీ చదివాడు. కోల్‌బింగర్‌ను పక్కకు పిలిచి, "ఇది తమరి చేతిరాతేనా?" అని అడిగాడు. జవాబు వచ్చాక, అఫ్రా పేరు, చిరునామా ఇద్దరి ఎదుటా అడిగి రాసుకొని, ఆమె వైపు తిరిగి టోపీ సర్దుకున్నాడు. "అమ్మా, తోట ఆయన గుత్తలో ఉంది. పొమ్మంటే పోవాల్సిందే. అది చట్టం."

"పోతానండీ. తినకుండానా?"

ఆయన కోల్‌బింగర్ వంక చూశాడు. ముల్లంగి వంక చూశాడు. "తిని వెళ్లండి," అన్నాడు. "పడేస్తే పాపం."

ఎంతసేపట్లో తినాలో ఆయన చెప్పలేదు. అఫ్రా రెండు గంటల పదిహేను నిమిషాలు తిన్నది. ఒక లీటరు గ్లాసు ముగ్గురూ పంచుకున్నారు. గ్రాసా తన చేపల డబ్బా తెరిచి బల్ల మధ్యలో పెట్టింది. లోరెంజ్ చేపను ముల్లంగితో కలిపి తిని, తన జీవితంలో ఇంతకాలం వృథా అయిందన్నాడు. వెళ్లేముందు గ్రాసా లేచి నిలబడి, వ్యాకరణం తప్పకుండా ఇలా అన్నది:

"ఈ నగరమునందు నాలుగు దినములుగా నేను ధరలను మాత్రమే చూచితిని. నేడు నగరమును చూచితిని."

ఉత్తరం పదునాలుగో తేదీన వచ్చింది, రిజిస్టరు తపాలాలో. తెచ్చినవాడు అఫ్రా తరువాత ఆ దారికి వచ్చిన తపాలా మనిషి.

"సంతకం పెట్టండి అఫ్రాగారూ."

"చదివేశావా?"

"కవరు పలచనండీ," అన్నాడు నేలచూపులు చూస్తూ. "రెండేళ్లటండీ. మరీ అన్యాయం."

నిషేధానికి ఉత్తరం మూడు కారణాలు చూపింది. ఒకటి, గుడ్డ పరచిన బల్ల దగ్గర బయటి తిండి తినబోవడం. ఆ గుడ్డ ఎవరిదో ఉత్తరంలో లేదు. రెండు, అనుమతి లేని గుడ్డను బల్లమీద పరచడం. అంటే గుడ్డ ఆమెదేనని రెండో కారణం ఒప్పుకుంటోంది, మొదటి కారణం దాస్తోంది. ఒకే కాగితంమీద ఒక గుడ్డ రెండు రకాలుగా సాక్ష్యం చెప్పింది. మూడు, తోటవారి గుడ్డలను తొలగించడం. ఇది నిజం, కాదని ఎవరూ అనటంలేదు. తొలగించింది, మడిచింది, లెక్కతో సహా అప్పగించింది. ఆ పని ఆమె చేత చేయించిన నియమాన్ని రాసిన చేయి, ఈ ఉత్తరం కింద సంతకం చేసిన చేయి ఒక్కటే.

సెప్టెంబరు ఏడున ఆమె మళ్లీ మ్యూనిక్ వెళ్లింది. చిత్రశాలలో తన గది చూసుకుంది. మధ్యాహ్నం లోరెంజ్ తోటలోకి వెళ్లి, కంచె పక్కనున్న ఎండబల్ల దగ్గర కూర్చున్నాడు. అఫ్రా కంచె ఇవతల కాలిబాటమీద నిలబడింది. తోటలోని గుడ్డలకు ఇప్పుడు నాలుగు మూలలా ఇనుప క్లిప్పులున్నాయి. లోరెంజ్ కంచెమీదుగా ముల్లంగి అందించాడు. కాసేపటికి ఒక బీరు గ్లాసు దానంతట అదే కంచె పైకి లేచినట్లు కనిపించింది. దాని వెనక పీటర్‌సెన్ ఉన్నాడు.

"నిషేధం తోటలోపలికేనమ్మా," అన్నాడు మెల్లగా. "కంచె అవతల ఎవరు తాగుతారో నా కార్డులో లేదు."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా. ఆ పైవాళ్లు చూస్తే నీ ఉద్యోగం పోతుందేమో."

"ఓడలు చాలా ఉన్నాయండీ."

ఆమె నవ్వింది. గంటన్నరసేపు నిలబడి తిన్నది. ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లు తిరిగిన మోకాళ్లు అవి. నడక తెలుసుగాని నిలబడటం వాటికి చేతకాదు. గ్లాసును కంచె కొయ్యమీద పెట్టి రెండు చేతులతో పట్టుకుంది. తాగటానికి కాదు, పడిపోకుండా ఉండటానికి. దారినపోయే ఒకామె ఆమెను బిచ్చగత్తె అనుకొని ఆగి, చేతిసంచి తెరిచింది. అఫ్రా చాకును గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంది. ఎప్పుడూ ఏడున్నర బండికి తిరిగి వచ్చే మనిషి, ఆ రోజు నాలుగు గంటల బండి ఎక్కింది.

దారిలో లోరెంజ్ ఎన్ని తమాషాలు చెప్పినా ఆమె కిటికీ వైపునుంచి తల తిప్పలేదు. ఊరు దగ్గరపడుతుండగా, "వచ్చే నెల నువ్వొక్కడివే పో. నా చోటు ఎవరికైనా ఇయ్యి," అంది.

"నేనొక్కణ్ణీ అక్కడ ఏం చేస్తాను వదినా? నాకు బొమ్మలు తెలుసా, పాడా?"

పదకొండేళ్లలో ఆ ప్లాట్‌ఫారం మీద, "ఒక చోటు!" అని పిలవనని ఆమె అనడం అదే మొదటిసారి.

కోల్‌బింగర్‌గారూ, ఆయనకు తోటను గుత్తకిచ్చిన బీరు కంపెనీ పెద్దలారా, ఆ గుత్తకు అనుమతి ముద్ర వేసిన నగర కార్యాలయపు అధికారులారా! మీకు దయ చూపమని ఇక్కడ ఎవరూ చెప్పటంలేదు. మీ నియమాలు మీరే చదువుకోమంటున్నాం. నీడలోని బల్లల్లో సగం గుడ్డ లేకుండా ఉంచండి. ఆ సగం ఏవో కొలిచి, కాగితంమీద పెట్టి, తోట వాకిట అందరికీ కనబడేలా అంటించండి. బల్లమీద మనిషి పరచుకొనే సొంత గుడ్డ మీ గుడ్డ కాదని వడ్డనవాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. పీటర్‌సెన్ ఉద్యోగం మీద చేయి వేయకండి. అఫ్రా విమ్మర్ మీద వేసిన నిషేధాన్ని అక్టోబరు అయిదో తేదీ ఆదివారంలోగా, వేసిన చేత్తోనే, అదే ముద్రతో రద్దు చేయండి. ఆమెను కూర్చోనివ్వండి.